మోటార్‌హోమ్ జనరేటర్ నడుస్తున్నా లోపల కరెంటు లేదా? లోపాన్ని వరసగా పట్టుకునే పద్ధతి

మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులా ఉండే బండిలో, జనరేటర్ ఇంజిన్ శబ్దం వస్తోంది, పొగ వస్తోంది, కానీ లోపల ఏసీ తిరగట్లేదు, మైక్రోవేవ్ వెలగట్లేదు. ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు, అడిగేసరికే సగం మంది జనరేటర్ కవర్ విప్పేసి ఉంటున్నారు. కాస్త ఆగండి. ఇలాంటప్పుడు చాలాసార్లు జనరేటర్ బాగానే ఉంటుంది, అది తయారుచేసిన కరెంటు లోపలికి వచ్చే దారిలో ఎక్కడో తెగిపోతుంది. కాబట్టి మనం వెతకాల్సిన జవాబు ఒక్కటే: కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది?

మీ బండి 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌దా లేక 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌దా అన్నది జనరేటర్ మీదున్న పేరు పలక చూస్తే తెలుస్తుంది. కింద అవసరమైన చోట రెండు అంకెలూ ఇచ్చాను, మీకు సంబంధించినది తీసుకోండి.

1. కవర్ తీసే ముందు

ముందు పొగ సంగతి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. పరీక్షల కోసం జనరేటర్‌ను గంటలకొద్దీ నడపాల్సి వస్తుంది కాబట్టి బండిని గోడకో ఇంకో బండికో ఆనించి పెట్టకండి, జనరేటర్ వైపు కిటికీలు మూసేయండి, లోపలున్న సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి. ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే పని అక్కడే ఆపేసి అందరూ బయటికి వచ్చేయాలి.

రెండోది, మోటార్‌హోమ్‌లోకి కరెంటు మూడు వైపుల నుంచి రావచ్చు: జనరేటర్, బయటి ప్లగ్గు, ఇన్వర్టర్. ఒకటి ఆపి పని మొదలుపెడితే మిగతా రెండూ అలాగే ఉంటాయి. పైగా బ్యాటరీ తగ్గగానే జనరేటర్‌ను దానంతట అదే స్టార్ట్ చేసే ఏర్పాటు కొన్ని బండ్లలో ఉంటుంది. మీ చెయ్యి లోపల ఉన్నప్పుడు అది తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వైర్లు ముట్టుకునే ముందు:

- బయటి ప్లగ్గు పీకేయాలి.
- ఇన్వర్టర్‌ను దాని మెయిన్ స్విచ్ దగ్గరే ఆపాలి, రిమోట్ ప్యానెల్ మీద ఆపితే చాలదు.
- ఆటోమేటిక్ స్టార్ట్‌ను ఆఫ్ చేయాలి.
- జనరేటర్ ఆపి, దాని స్టార్టింగ్ బ్యాటరీ నెగటివ్ తీసేయాలి.
- విప్పే చోట మీటర్ పెట్టి సున్నా వచ్చిందని చూసుకోవాలి.

కరెంటు ఉండగా మీటర్ పిన్నులతో కొలవడం వేరు, వైరు పట్టుకుని బిగించడం వేరు. మొదటిది జాగ్రత్తగా చేయొచ్చు. రెండోది కరెంటు ఉండగా ఎప్పుడూ చేయకూడదు. మొదటిది కూడా మీకు అలవాటు లేకపోతే 4వ మెట్టు వరకు మీరు చేసుకుని, తర్వాతది ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. అప్పటికే సగం వెతుకులాట అయిపోయి ఉంటుంది కాబట్టి అతని పనీ తేలికవుతుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏసీ, డీసీ వోల్టులు, ఓమ్‌లు, హెర్ట్జ్ చూపే మల్టీమీటర్. మీద క్యాట్ 3 (మీటర్ భద్రతా తరగతి) అని ఉన్నదైతే మంచిది.
- క్లాంప్ మీటర్, అంటే వైరు చుట్టూ పెట్టి ఆంపియర్లు చూసేది. లోడు సమస్యలకు ఇది లేకుండా ఊహలే మిగులుతాయి.
- పిడి మీద ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్లు, టార్చి, సన్నటి గరుకు కాగితం.
- జనరేటర్‌కూ, చేంజోవర్ స్విచ్‌కూ (బండికి కరెంటును జనరేటర్ నుంచో బయటి ప్లగ్గు నుంచో మార్చి ఇచ్చే పెట్టె) సంబంధించిన వైరింగ్ బొమ్మలు. చాలాసార్లు మూత లోపలి వైపే అతికించి ఉంటాయి.
- నోట్‌బుక్. ప్రతి రీడింగూ రాయాలి, పది నిమిషాల తర్వాత ఏ అంకె ఎక్కడ వచ్చిందో గుర్తుండదు.

టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. న్యూట్రల్ తెగిపోయినా ఫేజ్ దగ్గర టెస్టర్ వెలుగుతుంది, మీరేమో కరెంటు ఉందనుకుంటారు.

3. అసలు ఏది పనిచేయట్లేదో తేల్చుకోండి

మోటార్‌హోమ్‌లో లైట్లు, నీళ్ల పంపు, చిన్న ఫ్యాన్లు సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. అవి వెలిగినంత మాత్రాన జనరేటర్ కరెంటు వస్తున్నట్టు కాదు, ఆరిపోయినంత మాత్రాన రానట్టూ కాదు. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే కొన్ని సాకెట్లకు బ్యాటరీ నుంచే కరెంటు వస్తుంటుంది, అది ఇంకా తికమక పెడుతుంది. అందుకే ఇన్వర్టర్ ఆపి మరీ చూడమంటున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా విలువైన పరీక్ష. వీలుంటే బండిని బయటి కరెంటుకి కలపండి. దాని మీద అన్నీ మామూలుగా నడుస్తున్నాయంటే చేంజోవర్ అవుట్‌పుట్ నుంచి సాకెట్ల దాకా దారి బాగుందన్నమాట, లోపం జనరేటర్‌లోనో, దాని కేబుల్‌లోనో, చేంజోవర్‌లో జనరేటర్ వైపునో ఉంది. బయటి కరెంటు మీద కూడా అదే సమస్య వస్తే జనరేటర్‌ను వదిలేసి, బండి లోపల బ్రేకర్లుండే బోర్డు వైపు వెళ్లండి.

లక్షణాన్ని బట్టి ఏ మెట్టుకి వెళ్లాలంటే:

- ఎక్కడా కరెంటు లేదు: 4, 5, 6, తర్వాత 7
- సగం బండిలోనే ఉంది: 4, 5
- వోల్టేజీ తక్కువ, ఎక్కువ, లేదా ఊగిసలాట: 8
- లోడు వేయగానే పోతోంది: 9
- ఆర్‌సీడీ లేదా జీఎఫ్‌సీఐ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే ఆపేసే స్విచ్‌లు) పడిపోతోంది, సర్జ్ ప్రొటెక్టర్ (తేడా కరెంటు వస్తే ఆపేసే పెట్టె) ఎర్రర్ చూపిస్తోంది: 10
- ఇంజినే ఆగిపోతోంది: 11
- అన్నీ బాగున్నాయి, ఇన్వర్టర్ ఛార్జర్ (బ్యాటరీని ఛార్జ్ కూడా చేసే ఇన్వర్టర్) మాత్రం జనరేటర్ కరెంటు తీసుకోవట్లేదు: 12

4. మీటర్ తీయకముందే చూడాల్సినవి

జనరేటర్ మీద దాని సొంత బ్రేకర్ ఉంటుంది. లోపలి బోర్డులో ఉన్నది కాకుండా ఇది ఇంకొకటి, దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ట్రిప్ అయిన బ్రేకర్ కొన్నిసార్లు పూర్తిగా కిందికి పడదు, మధ్యలో నిలబడి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. వేలితో గట్టిగా పూర్తి ఆఫ్‌కి నొక్కి, ఆ తర్వాత ఆన్ చేయండి. కొన్ని జనరేటర్లకు రెండు బ్రేకర్లు ఉంటాయి, ఒక్కటి పడితే సగం బండికే కరెంటు ఉంటుంది, ఒక ఏసీ తిరుగుతుంది, రెండోది తిరగదు.

ఇంకా ఇవీ చూడండి:

- స్టార్ట్ చేశాక కనీసం ఒక నిమిషం ఆగారా? ఇంజిన్ కుదురుకునే దాకా లోడు ఇవ్వకుండా చేంజోవర్‌లో టైమర్ ఉంటుంది. సాధారణంగా అర నిమిషంలోపే, కొన్నిటిలో ఇంకాస్త ఎక్కువ.
- బోర్డులో మెయిన్ బ్రేకర్, ఆర్‌సీడీ పైకి ఉన్నాయా?
- మీ బండిలో చేంజోవర్ స్విచ్ ఉందా? కొన్నిటిలో ఉండదు, బండి కేబుల్‌నే తీసుకెళ్లి జనరేటర్ సాకెట్‌లో గుచ్చాలి. పాత బండి కొన్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.
- సర్జ్ ప్రొటెక్టర్ ఏదైనా కోడ్ చూపిస్తోందా?
- చేత్తో మోసుకెళ్లే ఇన్వర్టర్ జనరేటర్ (కరెంటును ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తో సరిచేసి ఇచ్చేది) అయితే ఓవర్‌లోడ్ లైటు వెలిగిందా? ఆ లైటు వెలిగితే ఇంజిన్ నడుస్తున్నా కరెంటు ఇవ్వదు. లోడు తీసేసి, ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి.

బ్రేకర్ వేసిన వెంటనే మళ్లీ పడిపోతే మూడోసారి వేయకండి. షార్ట్ ఉన్నట్టే. బోర్డులో అన్నీ ఆఫ్ చేసి, మెయిన్ వేసి, ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ రండి. ఏది వేసినప్పుడు పడిందో లోపం ఆ లైన్‌లో ఉంది.

5. జనరేటర్ నుంచి లోపలికి, ఒక్కో మజిలీ దగ్గరా కొలవడం

అసలు పని ఇదే. ముందు మీటర్‌ను కరెంటు కచ్చితంగా ఉన్న సాకెట్‌లో పెట్టి అది సరిగ్గా చూపిస్తోందని తెలుసుకోండి. తర్వాత ఇన్వర్టర్, ఛార్జర్, ఏసీ అన్నీ ఆపి, జనరేటర్ ఒక్కటే నడుపుతూ ఈ వరసలో రండి:

- మొదటి మజిలీ: జనరేటర్ బ్రేకర్ లోపలి వైపు, ఆ తర్వాత బయటి వైపు
- రెండోది: చేంజోవర్ స్విచ్‌లో జనరేటర్ ఇన్‌పుట్
- మూడోది: చేంజోవర్ అవుట్‌పుట్
- నాలుగోది: బోర్డులో మెయిన్ బ్రేకర్
- అయిదోది: సాకెట్

ప్రతి చోటా మూడు కొలతలు తీయాలి: ఫేజ్ నుంచి న్యూట్రల్, ఫేజ్ నుంచి ఎర్త్, న్యూట్రల్ నుంచి ఎర్త్. చాలామంది మొదటిది తీసి ఆపేస్తారు, కానీ కథంతా మిగతా రెండింటిలోనే బయటపడుతుంది.

ఒక మజిలీలో వోల్టేజీ ఉండి తర్వాతి దాంట్లో లేకపోతే లోపం ఆ రెండింటి మధ్యే. ఇంకెక్కడా వెతకొద్దు. బ్రేకర్ లోపలి వైపు 230 ఉండి, ఆన్‌లో ఉన్నా బయటి వైపు సున్నా ఉంటే బ్రేకరే పోయింది. జనరేటర్ బ్రేకర్ బయట ఉండి చేంజోవర్ ఇన్‌పుట్ దగ్గర లేకపోతే మధ్యలో కేబుల్ కానీ జంక్షన్ పెట్టె కానీ దెబ్బతింది. బండి కింద జంక్షన్ పెట్టెలుంటాయి, వాటిలోకి నీళ్లు, దుమ్ము చేరతాయి, కుదుపులకు స్క్రూలు వదులవుతాయి.

మూడు కొలతల్నీ కలిపి చదివితే:

- ఫేజ్-న్యూట్రల్ సున్నా, ఫేజ్-ఎర్త్ పూర్తి వోల్టేజీ: న్యూట్రల్ తెగింది.
- ఫేజ్-న్యూట్రల్ పూర్తి, మిగతా రెండూ అర్థం లేకుండా ఊగుతున్నాయి: ఎర్త్ తెగింది, లేదా జనరేటర్ దగ్గర న్యూట్రల్‌కు ఎర్త్‌తో సంబంధం లేదు.
- మూడూ సున్నా: ఫేజే రావట్లేదు.

ఒక హెచ్చరిక. 120, 240 రెండూ ఇచ్చే జనరేటర్‌లో కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా, కొన్ని మసకగా వెలిగితే న్యూట్రల్ తెగిందని అనుమానించి ఆ క్షణమే జనరేటర్ ఆపేయండి. ఒక వైపు సామానుకి వోల్టేజీ చాలా ఎక్కువ వెళ్తుంటుంది, నిమిషాల్లో టీవీ, మైక్రోవేవ్ కాలిపోతాయి.

6. చేంజోవర్ స్విచ్

నా లెక్కలో అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది దీన్నే. నేను ఒకసారి రోజంతా జనరేటర్ బ్రష్షుల మీద పని చేశాను, తీరా చూస్తే మంచం కింద ఉన్న చేంజోవర్ పెట్టెలో న్యూట్రల్ స్క్రూ వదులై వైరు నల్లగా మాడి ఉంది. ఆ రోజు నుంచి కొలవకుండా ఏదీ విప్పడం లేదు.

ఇది ఎందుకు పాడవుతుందంటే, రోడ్డు మీద కుదుపులకు స్క్రూలు కొద్దికొద్దిగా వదులవుతాయి. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, అక్కడ వేడి పుడుతుంది, వేడికి లోహం వ్యాకోచించి, చల్లారి, ఇంకా వదులవుతుంది. ఒక్క బిగింపు దగ్గర 2 వోల్టులు పోతూ 25 ఆంపియర్లు పారుతుంటే అక్కడే 50 వాట్ల వేడి. గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో అంత వేడి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

జనరేటర్ నడుస్తుండగా చెవి పెట్టి వినండి. టైమర్ పూర్తయ్యాక టక్‌మని ఒక్క శబ్దం రావాలి.

- శబ్దమే రాలేదు, ఇన్‌పుట్‌లో వోల్టేజీ ఉంది: కాంటాక్టర్ (కాయిల్ లాగగానే కరెంటు దారి కలిపే స్విచ్) కాయిల్‌కు కరెంటు చేరట్లేదు లేదా కాయిల్ తెగింది. కాయిల్ దగ్గర వోల్టేజీ లేకపోతే టైమర్ బోర్డు పోయింది. వోల్టేజీ ఉండి కూడా లాగకపోతే కాయిల్ పోయింది. కొన్నిటిలో కాయిల్ డీసీ మీద పనిచేస్తుంది, బొమ్మ చూసి మీటర్‌ను దానికి తగ్గట్టు పెట్టండి.
- టక్‌టక్‌మని పడుతూ లేస్తోంది: ఇన్‌పుట్ వోల్టేజీ తక్కువగా ఉంది, లేదా కాయిల్ వైరు లూజు.
- గట్టిగా జుమ్మంటోంది: కాంటాక్టర్ పూర్తిగా కూర్చోవట్లేదు, మధ్యలో దుమ్మో పురుగో ఇరుక్కుంది.
- శబ్దం వచ్చింది, అవుట్‌పుట్‌లో వోల్టేజీ లేదు: కాంటాక్టులు మాడాయి.

వోల్టేజీ ఉంటుంది కానీ లోడు వేస్తే పడిపోతుంది అనే సందర్భానికి ఇంకో కొలత. లోడు నడుస్తుండగా మీటర్ ఒక పిన్ను ఒక పోల్ (ఫేజ్ లేదా న్యూట్రల్ దారి) ఇన్‌పుట్ మీద, ఇంకో పిన్ను అదే పోల్ అవుట్‌పుట్ మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. వోల్టు, రెండు వోల్టులు కనిపిస్తే ఆ కాంటాక్టో ఆ బిగింపో చెడింది. న్యూట్రల్ పోల్ మీద కూడా ఇదే కొలవండి, అక్కడ మాడినది చాలామంది కంటికి కనపడదు.

సరిచేయడం ఇలా. అన్ని వైపులా కరెంటు తీసేసి, వైరును మెరిసే రాగి కనిపించేదాకా కోసి కొత్తగా బిగించండి. మాడిన చివరనే మళ్లీ బిగిస్తే నెలకే తిరిగొస్తుంది. స్క్రూలు పెట్టె మీద రాసిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. గుంటలు పడిన కాంటాక్టులను అరగదీసి వాడకండి, పైపూత పోయి ఇంకా త్వరగా మాడతాయి, కాంటాక్టర్ మార్చేయడమే మంచిది.

చేంజోవర్ పోయింది కదా అని రెండు వైపులా ప్లగ్గు ఉన్న కేబుల్ తయారుచేసి సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే పని మాత్రం చేయకండి. బయట ఉన్న ప్లగ్గు పిన్నుల మీద కరెంటు ఉంటుంది, ముట్టుకున్నవాళ్ల ప్రాణం పోతుంది.

7. జనరేటరే వోల్టేజీ ఇవ్వట్లేదు

మొదటి మజిలీలో, బ్రేకర్ లోపలి వైపే వోల్టేజీ లేదంటే ఇప్పుడు జనరేటర్‌ను అనుమానించాలి. ఇక్కడ సున్నాకీ, 2 నుంచి 5 వోల్టులకీ చాలా తేడా ఉంది, రీడింగ్ శ్రద్ధగా చూడండి.

కొద్ది వోల్టులు వస్తున్నాయంటే రోటర్‌లో (తిరిగే భాగంలో) మిగిలిన అయస్కాంతత్వం ఉంది, స్టేటర్ (కదలని భాగం) చుట్టలు కూడా తెగలేదు, కానీ రోటర్‌కు అందాల్సిన కరెంటు అందట్లేదు. బ్రష్షులున్న జనరేటర్ అయితే అనుమానించే వరస: బ్రష్షులు (రోటర్‌కు కరెంటు అందించే కార్బన్ ముక్కలు), స్లిప్ రింగులు (రోటర్ మీద బ్రష్షులు ఆనే రింగులు), ఏవీఆర్ (వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్), రోటర్ చుట్ట. అసలు సున్నా వస్తోందంటే అయస్కాంతత్వం పోయింది, లేదా స్టేటర్ తెగింది, లేదా వైరు ఊడింది. నెలల తరబడి వాడకుండా ఉంచిన జనరేటర్లలో అయస్కాంతత్వం పోవడం మామూలే.

ఇంజిన్ ఆపి, బ్యాటరీ తీసి:

- బ్రష్షులు బయటికి తీసి పొడవు చూడండి, మాన్యువల్‌లో ఉన్న కనీస పొడవుకన్నా తగ్గితే మార్చండి. స్ప్రింగు వాటిని స్వేచ్ఛగా తోస్తోందా?
- స్లిప్ రింగుల మీద నల్లటి పొర లేదా తుప్పు ఉంటే సన్నటి గరుకు కాగితంతో తుడవండి. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి కరెంటును మోస్తుంది.
- రెండు రింగుల మధ్య ఓమ్‌లు కొలవండి. మోడల్‌ని బట్టి కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల దాకా ఉండొచ్చు, మాన్యువల్ అంకెతో పోల్చండి. అనంతం చూపితే చుట్ట తెగింది.
- రింగుకీ షాఫ్టుకీ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఉంటే రోటర్ ఎర్త్ అయింది.

ఇవన్నీ బాగుండి అయస్కాంతత్వమే పోయిందనుకుంటే 12 వోల్టుల బ్యాటరీతో తిరిగి తెప్పించొచ్చు. ఇంజిన్ ఆపి ఉంచి, ఏవీఆర్ నుంచి బ్రష్షులకు వచ్చే వైర్లు ముందు తప్పనిసరిగా ఊడదీసి, పాజిటివ్ బ్రష్షుకు పాజిటివ్, నెగటివ్‌కు నెగటివ్ మూడు నాలుగు సెకన్లు తాకించి తీసేయండి. ఏవీఆర్ వైర్లు ఊడదీయకుండా చేస్తే ఏవీఆర్ పోతుంది. వైర్లు మళ్లీ పెట్టి స్టార్ట్ చేసి చూడండి. వోల్టేజీ వస్తే సరి, వచ్చి మళ్లీ పోతుంటే ఏవీఆర్ మీదే అనుమానం.

ఇదంతా బ్రష్షులున్నవాటికే. బ్రష్షులు లేని చిన్న జనరేటర్లలో కెపాసిటర్ ఆ పని చేస్తుంది, అది పోతే వోల్టేజీ పోతుంది. ఇంజిన్ ఆపాక కూడా దానిలో ఛార్జ్ ఉంటుంది కాబట్టి డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోకండి. ఇన్వర్టర్ జనరేటర్లలో అయితే లోపల ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, బ్యాటరీ తాకించే ప్రయోగాలు వాటి మీద అసలు చేయకూడదు.

8. వోల్టేజీ, హెర్ట్జ్ సరిగ్గా లేవు

ముందు హెర్ట్జ్ చూడండి, తర్వాతే వోల్టేజీ. మామూలు జనరేటర్‌లో హెర్ట్జ్ అంటే ఇంజిన్ వేగమే: రెండు పోళ్ల (అయస్కాంత ధ్రువాల)దైతే 3000 ఆర్‌పీఎంకి 50, 3600కి 60, నాలుగు పోళ్లదైతే సరిగ్గా అందులో సగం వేగం. మెకానికల్ గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసేది) ఉంటే లోడు లేనప్పుడు రెండు మూడు హెర్ట్జ్ ఎక్కువ ఉండడం సహజం, లోడు పడగానే దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే కచ్చితంగా 50కి పెడితే లోడులో 47కి పడిపోతుంది, చాలామంది చేసే తప్పు ఇది.

- హెర్ట్జ్, వోల్టేజీ రెండూ తక్కువ: ఇంజిన్ వేగం తక్కువ. ఏవీఆర్ జోలికి వెళ్లకండి. గాలి ఫిల్టర్, ఇంధనం, గవర్నర్ చూడండి.
- హెర్ట్జ్ సరిగ్గా ఉంది, వోల్టేజీ తప్పు: ఏవీఆర్, బ్రష్షులు, లేదా కెపాసిటర్.
- రెండూ పైకీ కిందికీ ఊగుతున్నాయి: ఇంజిన్ ఊగుతోంది. పెట్రోలు ఇంజిన్ అయితే ఎక్కువసార్లు కార్బురేటర్ జెట్‌లో పాత పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది. డీజిల్ అయితే ఫిల్టర్ మూసుకుపోయింది లేదా లైన్‌లో గాలి ఉంది.

లోడు మీద 230 వ్యవస్థలో 207, 120 వ్యవస్థలో 108 కన్నా కిందికి పడితే ఏసీ కంప్రెసర్‌ను వెంటనే ఆపండి. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

9. లోడు వేయగానే పడిపోతోంది

దీన్ని లోపం అనుకునే ముందు లెక్క వేయండి. 4000 వాట్ల జనరేటర్ 120 వోల్టుల మీద ఇచ్చేది 33 ఆంపియర్లు, 230 మీద సుమారు 17. ఒక పైకప్పు ఏసీ నడిచేటప్పుడు సుమారు 1300 నుంచి 1800 వాట్లు, మైక్రోవేవ్ దాదాపు 1500, కెటిల్ 1500 నుంచి 2000, బ్యాటరీలు ఖాళీ అయ్యాక ఛార్జర్ ఇంకో 500 నుంచి 1000. ఛార్జర్‌ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే చాలామంది తికమక పడతారు: రాత్రంతా బ్యాటరీ వాడి పొద్దున్న జనరేటర్ వేస్తే అది పూర్తి బలంతో లాగుతుంది, మధ్యాహ్నానికి ఆ లోడు తగ్గిపోతుంది, "పొద్దున మాత్రమే ట్రిప్ అవుతుంది" అన్న ఫిర్యాదుకి అదే కారణం.

కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో నడిచేటప్పటికన్నా చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ దెబ్బ బాగా తగ్గుతుంది. ఏసీ మునుపు బాగా స్టార్టయ్యేది ఇప్పుడు కావట్లేదంటే ఏసీలోని స్టార్ట్ కెపాసిటర్ చూడండి, జనరేటర్ తప్పు కాకపోవచ్చు.

ఎత్తైన ప్రాంతంలో ఉన్నారా? టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ సుమారు 3.5 శాతం బలం కోల్పోతుంది. 1500 మీటర్ల దగ్గర 4000 వాట్ల జనరేటర్‌ను 3300 వాట్లదనుకుని లోడు వేయాలి.

క్లాంప్ మీటర్‌ను ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూ పెట్టండి, మొత్తం కేబుల్ చుట్టూ పెడితే సున్నా చూపిస్తుంది. బ్రేకర్ రేటింగ్ కన్నా బాగా తక్కువ ఆంపియర్లకే పడిపోతుంటే, బ్రేకర్ స్క్రూల దగ్గర వేడి ఉందేమో చూసి బిగించండి, అయినా పడితే బ్రేకర్ బలహీనపడింది. అదే రేటింగ్‌తో మార్చండి. పెద్ద బ్రేకర్ వేస్తే బ్రేకర్ బదులు వైరు కాలుతుంది.

10. న్యూట్రల్, ఎర్త్ గొడవలు

న్యూట్రల్, ఎర్త్ ఒక్క చోటే కలవాలి, అది కరెంటు పుట్టే చోట. బండికి బిగించిన జనరేటర్‌లో సాధారణంగా జనరేటర్ దగ్గరే కలిపి ఉంటారు, చేంజోవర్ స్విచ్ ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా మారుస్తుంది. బండి లోపలి బోర్డులో మాత్రం అవి కలవకూడదు. ఎవరో మరమ్మతు చేస్తూ బోర్డులో రెండూ ఒకే పట్టీకి బిగించేస్తే రెండు చోట్ల కలిసినట్టయి ఆర్‌సీడీ, జీఎఫ్‌సీఐ కారణం లేకుండా పడుతుంటాయి.

చేత్తో మోసే ఇన్వర్టర్ జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్ ఎర్త్‌కు కలిసి ఉండదు. అప్పుడు ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ రెండూ వోల్టేజీలో సుమారు సగం చూపిస్తాయి: 120కి 60, 230కి 115. జనరేటర్ బాగానే ఉంటుంది, కానీ సర్జ్ ప్రొటెక్టర్ దీన్ని ఎర్త్ లేదని చదివి కరెంటు ఆపేస్తుంది. జనరేటర్ సాకెట్‌లో పెట్టే న్యూట్రల్-ఎర్త్ బాండింగ్ ప్లగ్గు దీనికి మందు. తయారీదారు మాన్యువల్, మీరున్న చోటి నియమాలు ఒప్పుకుంటేనే వాడండి, బయటి కరెంటుకి కలిపేటప్పుడు మాత్రం ఆ ప్లగ్గు ఎక్కడా ఉండకూడదు.

11. ఇంజినే ఆగిపోతోంది

స్టార్ట్ బటన్ పట్టుకున్నంతసేపు నడిచి, వదలగానే ఆగిపోతుంటే: కంట్రోల్ బోర్డుకి ఆయిల్ ప్రెషర్ సిగ్నల్ కానీ వోల్టేజీ సిగ్నల్ కానీ అందట్లేదు. ఆయిల్ మట్టం చూడండి, బండి ఏటవాలుగా ఉంటే సమతలానికి తెచ్చి మళ్లీ చూడండి. ఆ తర్వాత 7వ మెట్టు.

గంటసేపు నడిచి ఆగిపోతుంటే వేడి లేదా ఇంధనం. బండి ట్యాంకు నుంచే ఇంధనం తీసుకునే జనరేటర్ల గొట్టం కావాలనే పైకి పెట్టి ఉంటుంది, ట్యాంకు సుమారు పావు వంతుకి దిగగానే జనరేటర్‌కు అందదు. మీరు అడవిలో చిక్కుకోకుండా బండి నడపడానికి ఇంధనం మిగలాలని చేసిన ఏర్పాటు అది. ముందు గేజు చూడండి.

స్టార్ట్ స్విచ్ మీది లైటు మినుకుమంటుంటే ఆ మినుకులు లెక్కపెట్టి మాన్యువల్‌లో కోడ్ చూడండి. సెల్ఫే నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ టెర్మినళ్లు, ముఖ్యంగా ఛాసిస్‌కు బిగించిన నెగటివ్ కేబుల్ తుప్పు చూడండి.

12. ఇన్వర్టర్ ఛార్జర్ జనరేటర్‌ను ఒప్పుకోవట్లేదు

ఇన్వర్టర్ ఛార్జర్‌కు లోపల సొంత రిలే ఉంటుంది. వచ్చే కరెంటు వోల్టేజీ, హెర్ట్జ్ తన హద్దుల్లో ఉన్నాయని కాసేపు చూశాకే లోపలికి తీసుకుంటుంది. జనరేటర్ ఊగుతుంటే తీసుకోవడం, వదిలేయడం చేస్తూనే ఉంటుంది. 8వ మెట్టు ముందు సరిచేసి, తర్వాత సెట్టింగుల్లో ఇన్‌పుట్ ఆంపియర్లను జనరేటర్ సామర్థ్యానికి తగ్గించండి. చాలావాటిలో హద్దులు వదులు చేసే సెట్టింగు కూడా ఉంటుంది. జనరేటర్ సరిగ్గా ఉందని మీటర్‌తో తెలుసుకోకుండా అది మార్చొద్దు.

13. బిగించాక లోడు పరీక్ష

వోల్టేజీ వచ్చింది కదా అని మూత పెట్టేయకండి. వదులు బిగింపులు లోడు మీదే బయటపడతాయి.

- ఖాళీగా అయిదు నిమిషాలు: వోల్టులు, హెర్ట్జ్ రాయండి.
- సగం లోడు, పావు గంట: మళ్లీ రాయండి.
- ముప్పావు లోడు, అరగంట: మళ్లీ రాయండి, వాసన గమనించండి.
- లోడు అంతా తీసేసి, ఖాళీగా అయిదు నిమిషాలు నడిపి ఆపండి.
- అన్ని వైపులా కరెంటు తీసి, మీటర్‌తో సున్నా చూసుకుని, చేంజోవర్ బిగింపులు, బ్రేకర్ స్క్రూలు, జంక్షన్ పెట్టె ఒక్కొక్కటీ వేడిగా ఉన్నాయేమో చూడండి. ఒకటి మిగతావాటికన్నా స్పష్టంగా వేడిగా ఉంటే పని ఇంకా పూర్తి కాలేదు, ఆ ఒక్కదాన్ని విప్పి మళ్లీ బిగించండి.

ఈ అంకెలను తేదీతో సహా చేంజోవర్ మూత లోపల ఒక కాగితం మీద రాసి అతికించండి. ఆ తర్వాత నెలకోసారి సగం లోడు మీద ఒకటి రెండు గంటలు జనరేటర్ నడుపుతూ అవే కొలతలు పక్కన రాసుకుంటూ పోతే, ఏ నెలలో వోల్టేజీ దిగడం మొదలైందో ఆ కాగితమే చెబుతుంది.